చేత్తో జరిపిన చెట్లు

"ఎంతసేపు పట్టింది?" అని అడిగాడు పెద్దాయన.

"పదకొండు సెకన్లు," అన్నాడు పెన్సిలన్న.

ఆ మాటలో అబద్ధం లేదు. మీట నొక్కిన పదకొండు సెకన్లకే బోడికొండ మీద పద్దెనిమిది వందల చెట్లు మొలిచిన మాట వాస్తవం. కాకపోతే ఆ తరవాత రెండున్నర గంటలు తను కూర్చుని, వాటిల్లో అరవై ఒక్క చెట్లని చేత్తో జరిపాడు. ఆ సంగతి ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు.

గదిలో ఉన్న తొమ్మిది మందీ చప్పట్లు కొట్టారు. గోడంత తెర మీద కొండ కళకళలాడుతోంది. వాగు పక్కన గుబురుగా, ఎగువకి పోయేకొద్దీ పలచగా, శిఖరం దగ్గర ఒకటీ అరా. ఈ కంప్యూటర్ ఆట ఆడేవాడు గుర్రమెక్కి ఆ కొండ చుట్టూ తిరిగితే ఎక్కడా కన్ను ఆగదు. ఎవరో ఏళ్ళ తరబడి ఓపిగ్గా పెంచిన అడవిలా ఉంది. అలాంటి కొండలూ లోయలూ ఇంకా ఎనిమిది మిగిలి ఉన్నాయి ఆ ఆటలో. ఇంతకుముందు ఒక్కో లోయకి ముగ్గురు మనుషులు రెండు నెలలు కూర్చునేవారు.

"పెన్సిలన్నా, మీరు మా కడుపు నింపేశారు," అన్నాడు పెద్దాయన.

పెద్దాయన అంటే పెద్దవాడేం కాదు. సాంకేతిక విభాగానికి అధిపతి. ముప్ఫై ఒక్కేళ్ళకే నెత్తి మీద జుట్టు మొత్తం సెలవు తీసుకోవడంతో ఆఫీసంతా అలా పిలుస్తారు. అతనూ నవ్వి ఊరుకుంటాడు. పెన్సిలన్నకి నలభై ఐదు. చెవి మీద పెన్సిల్ పెట్టుకుని మర్చిపోయి ఆఫీసంతా వెతికే మనిషి గనక ఆ పేరు. పంతొమ్మిదేళ్ళుగా ఆటల్లో కొండలు, రాళ్ళు, గోడలు, మబ్బులు వేసినవాడు.

బొమ్మలు వేసే మనిషి కోడ్ రాసేవాళ్ళ గదిలోకి రావడానికి కారణం కుడిచేతి మణికట్టు. ఏడాది కింద ఒక ఉదయం పెన్ను పట్టుకుంటే బొటనవేలి మొదట్లోంచి మోచేతి దాకా నిప్పు రాజుకున్నట్టయింది. మందులయ్యాయి, పట్టీలయ్యాయి. ఆఖరికి డాక్టరు చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి, "పాపం, ఇది పంతొమ్మిదేళ్ళు ఒకటే పని చేసిందండీ. ఇక దీనికి పింఛను ఇప్పించండి," అంది. రోజుకి ఇరవై నిమిషాలకి మించి పెన్ను పట్టకూడదని రాసిచ్చింది. ఇరవై నిమిషాల్లో ఒక మబ్బు కూడా పూర్తి కాదు.

ఆఫీసు వాళ్ళు మంచివాళ్ళే. పొమ్మనలేదు. కోడ్ నేర్చుకుంటే సాంకేతిక విభాగంలో వేస్తామన్నారు. బొమ్మలు వేసేవాళ్ళకి పనికొచ్చే టూల్స్, అంటే వాళ్ళ పని తేలిక చేసే చిన్న ప్రోగ్రాములు, రాసే పని. మూడు నెలలు పరీక్ష. నెగ్గితే ఉంటావు, లేకపోతే లేదు. వెనక్కి వెళ్దామంటే ఆ కుర్చీలో కూర్చోడానికి చెయ్యి లేదు. ఆ మూడు నెలలూ వచ్చే శుక్రవారంతో తీరిపోతాయి.

బొమ్మల హాలుకీ కోడ్ హాలుకీ మధ్య ఒక అద్దం తలుపు ఉంది. తెరల మీద వెలుగు పడకుండా బొమ్మల పక్క కిటికీలన్నీ మూసేసి చీకటిగా ఉంచుతారు. కోడ్ పక్క పగలూ రాత్రీ లైట్లే. మూడు నెలల కింద పెన్సిలన్న తన కుర్చీ తోసుకుంటూ ఆ తలుపు దాటాడు. నలభై అడుగుల దూరం. తలుపు పట్టుకుని నిలబడింది తోటమాలి. "కాపురానికి పంపుతున్నట్టుంది అన్నా," అని నవ్వి, కళ్ళు తుడుచుకుంది.

తోటమాలి ఆ ముగ్గురిలో పెద్దది. ఆటలో చెట్లు నాటే ముగ్గురిలో. పదేళ్ళ కింద కాలేజీ నుంచి నేరుగా వచ్చి పెన్సిలన్న పక్కన కూర్చుంది. చెట్టుకి నీడ ఎటు పడాలో, పెద్దచెట్టు పక్కన ఖాళీ ఎంత వదలాలో అతనే నేర్పాడు. ఆ తరవాత ఆమె అతన్ని మించిపోయింది. అతనే ఆ మాట అందరికీ చెప్పేవాడు.

సరే, అరవై ఒక్క చెట్ల సంగతి. మోసం చెయ్యాలని కూర్చుని చేసిన పని కాదది. చెట్లు నాటడానికి తను రాసిన టూల్ నడిపాడు, చూశాడు. కొండ అంచున ఒక చెట్టు గాల్లోకి అడ్డంగా మొలిచింది. అయ్యో అనుకుని పట్టుకుని నిలబెట్టాడు. దాని పక్కనే ఇంకోటి బండరాయిలోంచి తల పెట్టింది. దాన్ని ఇవతలికి లాగాడు. మరో చెట్టుకి తప్పేం లేదు గానీ దారికి అడ్డంగా, చూడ్డానికి బాలేదు. నాలుగడుగులు పక్కకి జరిపాడు. అలా ఒకటి తరవాత ఒకటి. పంతొమ్మిదేళ్ళు అతను చేసింది అదే. తప్పు కనపడితే దిద్దడం. బొమ్మ వేసేవాళ్ళకి అది పనిలో భాగం, పనికి అందం. బొమ్మ కింద ఎన్నిసార్లు తుడిచావని ఎవరూ అడగరు.

కానీ కోడ్ బొమ్మ కాదు. అరవై ఒక్క చెట్లు దిద్దితే ఆ కొండ బాగుపడుతుంది, టూల్ బాగుపడదు. మళ్ళీ నడిపితే మళ్ళీ అవే తప్పులు. ఇంకో కొండ మీద నడిపితే ఇంకో రకం తప్పులు. ఆ సంగతి చప్పట్ల మధ్యలో నిలబడ్డప్పుడు అతనికి మొట్టమొదటిసారి సరిగ్గా తట్టింది. అప్పటికే మణికట్టు ఉబ్బి, పట్టీ కింద కొట్టుకుంటోంది.

అది గురువారం.

మర్నాడు పొద్దున్నే పెద్దాయన తన అద్దాల గదికి పిలిచాడు. కుర్చీ తనే జరిపి వేశాడు.

"పైవాళ్ళకి చెప్పేశానన్నా. తెగ మురిసిపోయారు. మిగిలిన ఎనిమిది లోయలూ మూడు వారాల్లో మీ టూల్‌తో లాగించేద్దాం అన్నారు."

"మూడు వారాలా?"

"పదకొండు సెకన్ల పనికి మూడు వారాలెందుకని వాళ్ళ బాధ. నేనే కాస్త ఊపిరాడనివ్వండి అన్నాను." పెద్దాయన నవ్వాడు. తరవాత నవ్వు ఆపి, బల్ల మీద పెన్ను అటూ ఇటూ జరిపాడు. "ఇంకో మాట. ఇది మన ఇద్దరి మధ్యా ఉండాలి. చెట్లు నాటే ముగ్గురికీ వచ్చే శుక్రవారం ఉత్తరాలు ఇస్తున్నారు. ఈ నెలాఖరుతో ఆఖరు. నాకూ బాధగానే ఉంది. ఏం చేస్తాం?"

పెన్సిలన్న నోరు తెరిచాడు. చెప్పాల్సిన మాట నాలుక చివరే ఉంది. 'అది టూల్ చేసింది కాదు, నేను చేసింది.' ఇంతే. ఐదు మాటలో, ఆరు మాటలో. కానీ ఆ వెంటనే పెద్దాయన అడగబోయే ప్రశ్న కూడా వినిపించింది. మరి మీ పరీక్ష సంగతేంటి?

"మీ పరీక్ష కూడా అయిపోయినట్టే అనుకోండి," అన్నాడు పెద్దాయన, అతని మనసులోకి తొంగిచూసినట్టు. "శుక్రవారమే మీకూ కాగితం ఇస్తాను. ఇది మంచి కాగితం."

పెన్సిలన్న "థ్యాంక్సండీ," అని మాత్రం అని లేచొచ్చాడు.

శనివారం పొద్దున కూతురు ముందు కూర్చున్నాడు. కోడ్‌లో అతనికి గురువు ఆ పిల్లే. ఇంజినీరింగ్ రెండో సంవత్సరం. మూడు నెలల కింద మొదటి పాఠం రోజునే చెప్పింది, "నాన్నా, కంప్యూటర్‌కి నీ మొహం కనపడదు. నువ్వెంత కనుబొమలు ముడిచినా అది భయపడదు," అని. అప్పటినుంచీ సెలవు రోజుల్లో నాన్న విద్యార్థి, ఆ పిల్ల మాస్టారు. తిట్టే హక్కు కూడా మాస్టారికే.

వంటింటి బల్ల మీద లాప్‌టాప్ పెట్టి టూల్ నడిపి చూపించాడు. దిద్దకముందు కొండ. అడ్డంగా వేలాడే చెట్లూ, రాళ్ళలో ఇరుక్కున్న చెట్లూ. కూతురు పడీ పడీ నవ్వింది.

"నాన్నా, ఈ చెట్టు చూడు, యోగా చేస్తోంది!"

"నవ్వకు. ఇవన్నీ చేత్తో సరిచేశాను."

"ఎన్ని?"

"అరవై ఒకటి."

నవ్వు ఆగిపోయింది. "ఎందుకు? ఒక్కటి ఎందుకు తప్పయిందో కనుక్కుంటే అలాంటివన్నీ వాటంతటవే సరయిపోతాయిగా?"

"తప్పు కంటి ముందు కనిపిస్తుంటే చెయ్యి ఊరుకోదే."

"అదే నీ జబ్బు. చెయ్యి నొప్పి కాదు." అనేసి నాలుక కరుచుకుంది. లేచి వెళ్ళి వేడినీళ్ళ సంచి నింపి తెచ్చి, అతని మణికట్టు కింద పెట్టింది. మళ్ళీ తెర వైపు తిరిగింది.

మధ్యాహ్నానికల్లా దొంగ దొరికింది. చెట్టు నాటేముందు టూల్ నేల వాలు చూస్తుంది. కానీ మొదలు ఆనే ఒక్క చుక్క దగ్గరే చూస్తుంది. ఆ చుక్క గనక రాయి అంచు మీద పడితే అదే నేల అనుకుని చెట్టుని అడ్డంగా నాటేస్తుంది. "చుట్టూ ఇంకో ఎనిమిది చుక్కలు చూడమను. ఎక్కువమంది మాట విననియ్యి," అంది కూతురు. రాశారు. నడిపారు. ముప్ఫై ఎనిమిది చెట్లు బుద్ధిగా నిలబడ్డాయి.

"మిగిలిన ఇరవై మూడూ?" అంది.

పెన్సిలన్న ఒక్కొక్కటే చూపించాడు. కూతురు ఒక్కొక్కటే చూసింది. ఏదీ రాతిలో లేదు, గాల్లో లేదు.

"వీటికేమయింది? బానే ఉన్నాయిగా?"

"బాలేవు."

"ఎందుకు బాలేవో చెప్పు, రాసేద్దాం."

"ఎందుకంటే..." కుర్చీలో వెనక్కి వాలాడు. "బాలేవంతే."

"కంప్యూటర్‌కి ఆ భాష రాదు నాన్నా."

ఆ సాయంత్రం రెండో లోయ మీద నడిపి చూశారు. చెట్లు ఇళ్ళ కప్పుల మీద మొలిచాయి. చెరువు మధ్యలో ఒక పొద. వంతెన కింద ఒక మహావృక్షం నడుం వంచి నిలబడింది. తొంభై నాలుగు తప్పులు లెక్కపెట్టి, కూతురు లాప్‌టాప్ మూసేసింది. "ఎనిమిది లోయలకీ కలిపి మూడు వారాలా? మీ ఆఫీసులో ఎవరికైనా మతి ఉందా?"

"వాళ్ళ తప్పేం లేదమ్మా," అన్నాడు పెన్సిలన్న. అంతకు మించి చెప్పలేకపోయాడు.

సోమవారం తోటమాలి అద్దం తలుపు తోసుకుని వచ్చింది. రెండు చేతుల్లో రెండు కాగితం కప్పులు. అతని బల్ల మీద ఒక టీ పెట్టి, పక్క కుర్చీ లాక్కుంది.

"అన్నా, నీ కొండ చూశాను. గంటసేపు తిరిగాను అందులో."

"ఊఁ."

"వాగు వంపు తిరిగే చోట పెద్దచెట్టు పెట్టావు చూడు. దాని పక్కన ఖాళీ. అప్పటిదాకా అక్కడెవరో కూర్చుని లేచి వెళ్ళినట్టు." టీ ఊదుకుంది. "అది మిషన్ పెట్టింది కాదు. అది నీ చెయ్యి."

ఆమె మొహంలోకి చూడలేక తెర వైపు చూశాడు.

"ఎన్ని మార్చావ్?"

"కొన్ని."

"పోనీలే. నేనెవరికీ చెప్పను. చెప్పి నాకేం ఒరుగుతుంది? నువ్వు ఈ ఉద్యోగంలో నిలబడాలి. నిలబడతావు." గొంతు తగ్గించింది. "కానీ ఒకటడగనా? ఈ టూల్ నాకూ నేర్పుతావా? మా వాళ్ళిద్దరికీ కూడా. రాబోయేవి ఇవేగా. మిషన్ నాటితే మేం దిద్దుతాం. ముసలాళ్ళమైపోకముందు నేర్చుకుంటే నయం కదా?"

చెప్పెయ్యడానికి అంతకన్నా మంచి సమయం ఉండదు. ఎదురుగా కూర్చుంది, టీ తెచ్చింది, అబద్ధం తెలిసీ కడుపులో దాచుకుంది. శుక్రవారం ఆమెకి ఏం రాబోతోందో అతనికి తెలుసు. ఆమెకి తెలీదు.

"నేర్పుతా," అన్నాడు. "తప్పకుండా."

ఆమె వెళ్ళిపోయాక టీ చల్లారిపోయేదాకా అలాగే కూర్చున్నాడు. పక్క బల్ల దగ్గర కోడ్ రాసుకునే కుర్రాళ్ళెవరో, "అన్నా, ఒంట్లో బాలేదా?" అని అడిగారు. తల అడ్డంగా ఊపాడు.

బుధవారానికి అతని వాలకం భార్య కంటపడింది. అప్పటిదాకా పడలేదని కాదు, ఊరుకుంది. ఆమె ఆసుపత్రిలో రక్తపరీక్షల గదిలో పనిచేస్తుంది. పని నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, అతని ఎదురుగా కూర్చుంది.

"ఏమండీ, మూడు రోజులనుంచి పళ్ళెంలో గీతలు గీస్తున్నారు గానీ తినట్లేదు. ఏంటి సంగతి?"

"ఏం లేదు. ఒకటడుగుతాను చెప్పు. మీ మిషన్ ఒక తప్పు అంకె ఇచ్చిందనుకో. అసలు అంకెంతో నీకు తెలుసనుకో. దిద్ది రాసేస్తావా?"

"ఎందుకు రాస్తాను? నాకేం పోయేకాలం?"

"నీకు తెలుసుగా సరైనదేదో."

"ఆ ఒక్క మనిషిదీ తెలుసు. నా తరవాత వచ్చిన పిల్ల ఆ మిషన్ బాగుందనుకుని ఇంకో యాభై మందికి నడుపుతుంది. వాళ్ళవి ఎవరికి తెలుసు?" ఆగి చూసింది. "మీరేం దిద్దారు?"

చెప్పాడు. మొదట చెట్లు, తరవాత చప్పట్లు, తరవాత ఉత్తరాలు, ఆఖర్న టీ. వింటున్నంతసేపూ ఆమె అడ్డు రాలేదు.

"చెప్తే మీ పని పోతుందా?"

"పోవచ్చు."

"చెప్పకపోతే?"

"ఆ ముగ్గురిదీ పోతుంది. మూడు వారాల తరవాత టూల్ పని చెయ్యదని ఎలాగూ తేలుతుంది. అప్పుడు నాదీ పోతుంది."

"మరింకేంటి లెక్క?"

"ఆ మూడు వారాలే," అన్నాడు సిగ్గుపడుతూ. "ఈలోగా సరిచేసేస్తానేమోనని."

ఆమె అతని పళ్ళెం దగ్గరికి జరిపింది. "ముందు తినండి. ఖాళీ కడుపుతో వెళ్ళి ఎవరికీ ఏమీ చెప్పలేరు మీరు. మీ సంగతి నాకు తెలీదూ?" అని, కాసేపటికి, "నా జీతం ఉంది. గడిచిపోతుంది. గడవకపోతే తిట్టుకుంటూ గడుపుదాం," అంది.

గురువారం పొద్దున పెన్సిలన్న పెద్దాయన గది తలుపు తట్టాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. లాప్‌టాప్ బల్ల మీద పెట్టాడు.

"పోయిన గురువారం మీరు చూసిన కొండ ఇది. అప్పటి టూల్‌తోనే మళ్ళీ నడుపుతున్నాను. చూడండి."

పదకొండు సెకన్లు. పెద్దాయన చూస్తూనే ఉన్నాడు. కొండ అంచున చెట్టు అడ్డంగా చెయ్యి చాచింది. తరవాత పెన్సిలన్న హిస్టరీ తెరిచాడు. ఆ ఫైల్లో ఎవరు ఎప్పుడు ఏది మార్చారో వరసగా ఉంటుంది అందులో. ఎవరైనా తెరవచ్చు, ఇన్ని రోజులూ ఎవరూ తెరవలేదు. అరవై ఒక్క వరసలు. ప్రతి వరసలోనూ అతని పేరే.

పెద్దాయన ఒక్కసారిగా లేచి గది అద్దాలకి ఉన్న తెరలు కిందికి లాగాడు. బయట హాల్లోంచి ఎవరికీ ఏమీ కనపడకుండా. అంత కోపంలోనూ అతనికి ఆ పని తోచినందుకు పెన్సిలన్నకి కళ్ళు చెమర్చాయి.

"మొన్ననే చెప్పుంటే ఇది మామూలు బగ్," అన్నాడు పెద్దాయన. గొంతు పెద్దది చెయ్యలేదు. "రోజుకి పది బగ్‌లు చూస్తాను నేను. ఇవాళ దీన్నేమనాలి? మీరే చెప్పండి."

"అబద్ధం."

"పైవాళ్ళకి నేను చెప్పానన్నా. మీ మాటగా కాదు. నా మాటగా చెప్పాను."

పెన్సిలన్న తల వంచుకున్నాడు.

"ఎందుకు చేశారు?"

"చేసేటప్పుడు తప్పని తెలీదండీ. బొమ్మ దిద్దినట్టే దిద్దాను. మీరు చప్పట్లు కొట్టాక తెలిసింది. తెలిశాక నోరు రాలేదు. నా పరీక్ష పోతుందని భయపడ్డాను. తప్పు చేశానంటే అక్కడ చేశాను."

పెద్దాయన కొండని అటూ ఇటూ తిప్పాడు. "ఉత్తరాలు రేపు," అన్నాడు. "ఇవాళ్టికి పైకి ఫోన్ చేసి ఆపమంటాను. ఆపుతారో లేదో తెలీదు. మీ సంగతి కూడా నాకు తెలీదు. వెళ్ళండి."

తలుపు దాకా వెళ్ళాక వెనక నుంచి పిలిచాడు. "తోటమాలికి ఉత్తరాల సంగతి తెలుసా?"

"తెలీదు. నేను చెప్తాను."

తోటమాలికి ఆ మధ్యాహ్నమే చెప్పాడు. మెట్ల దగ్గర, నీళ్ళ యంత్రం పక్కన. అక్కడ ఎవరూ ఎక్కువసేపు నిలబడరు. ముందు ఆమెకి అర్థం కాలేదు. ఉత్తరాల మాట రాగానే గోడకి ఆనుకుంది.

"నీకెప్పుడు తెలిసింది?"

"శుక్రవారం."

"పోయిన శుక్రవారమా?" వేళ్ళ మీద లెక్కపెట్టినట్టు పెదవులు కదిలాయి. "అంటే సోమవారం నీకు తెలుసు. నేను టీ తెచ్చినప్పుడు. నేర్పమని అడిగినప్పుడు."

"తెలుసు."

"తెలిసి తాగావా?"

తాగలేదు, చల్లారిపోయింది అని చెప్పడానికి అతనికి సిగ్గేసింది. అది క్షమాపణ కాదు.

"నీ కోసం నేను దాచాను అన్నా," అంది తోటమాలి. "నీ చెయ్యి చూసి గుర్తుపట్టి కూడా దాచాను. నువ్వేమో నా దగ్గర దాచావు." అరవలేదు. అరిచి ఉంటే అతనికి కాస్త తేలికయ్యేది. చేతిలోని నీళ్ళ కప్పు చెత్తబుట్టలో వేసి, తలుపు తోసుకుని చీకటి హాల్లోకి వెళ్ళిపోయింది. వెనక వచ్చేవాళ్ళ కోసం ఆ తలుపు ఎప్పుడూ పట్టుకుని నిలబడేది. ఈసారి వదిలేసింది.

శుక్రవారం ఎవరికీ ఏ ఉత్తరమూ రాలేదు. పెన్సిలన్నకి కూడా రాలేదు. సాయంత్రం ఆరింటికి పెద్దాయన ముగ్గురినీ, అతన్నీ కలిపి పిలిచాడు. పైవాళ్ళు మూడు నెలల గడువిచ్చారన్నాడు. మిగిలిన లోయల్లో టూల్ మొదటి విడత నాటుతుంది, ముగ్గురూ దిద్దుతారు. దిద్దేటప్పుడు పెన్సిలన్న పక్కన కూర్చుని, వాళ్ళు ఏ చెట్టు ఎందుకు జరిపారో రాసుకోవాలి. ఆ కారణాలన్నీ టూల్‌లో నియమాలుగా పెట్టాలి. అతని పరీక్ష ఇంకో మూడు నెలలు.

"ఇకమీదట మీ టూల్ ఎవరికైనా చూపించాలంటే మీట నేను నొక్కుతాను," అన్నాడు పెద్దాయన అతనితో. "ఏమనుకోకండి."

"అనుకోనండీ."

"మూడు నెలల తరవాత?" అని అడిగింది తోటమాలి.

పెద్దాయన బల్ల వైపు చూశాడు. "టూల్ ఎంత బాగుపడితే..." అని ఆపేశాడు. పూర్తి చెయ్యనక్కర్లేదు. వాళ్ళు చెప్పే ప్రతి కారణమూ వాళ్ళ అవసరాన్ని ఒక్కో చెట్టు మేర తగ్గిస్తుందని గదిలో అందరికీ తెలుసు. ఆ కారణాలు రాసుకోవలసింది ఎవరో కూడా తెలుసు.

సోమవారం పెన్సిలన్న తన కుర్చీ తోసుకుంటూ చీకటి హాల్లోకి వెళ్ళాడు. తోటమాలి అప్పటికే రెండో లోయ తెరిచి కూర్చుంది. పలకరించలేదు. కానీ తన బల్ల మీది సామాను ఒక పక్కకి సర్ది ఉంది. ఒక మనిషి మోచెయ్యి ఆనించుకునేంత చోటు. కుడిచెయ్యి కాదు, ఎడమచెయ్యి. అతను ఎడమచేత్తో రాయడం నేర్చుకుంటున్నాడని ఆమెకి తెలుసు. కుర్చీ ఆ పక్కనే వేసుకున్నాడు.

మొదటి చెట్టు జరిపింది.

"ఎందుకు?" అన్నాడు.

"ఇంటి గుమ్మానికి అడ్డం." తెర మీంచి చూపు తిప్పలేదు.

రాసుకున్నాడు. వంకర అక్షరాలు, ఒకటో తరగతి పిల్లాడివిలా.

"ఇది?"

"నీళ్ళకి మరీ దగ్గర. వేళ్ళు కుళ్ళిపోతాయి."

"ఇది?"

"దీని వెనక శిఖరం కనపడాలి. ఆడేవాడికి దారి తెలియాలిగా."

మధ్యాహ్నానికి పదమూడు చెట్లు జరిపింది. కారణాలు సూటిగా, స్పష్టంగా చెప్పింది, ఏదీ దాచుకోకుండా. అతను నేర్పినవి కొన్ని. అతనికే తెలియనివి కొన్ని. ఒక్కోటి రాస్తుంటే చెయ్యి బరువెక్కింది. ఎడమచెయ్యి, నొప్పి లేని చెయ్యి.

పద్నాలుగోది చెరువు గట్టు మీద చిన్నచెట్టు. దాన్ని జరిపింది, మళ్ళీ జరిపింది, ఇంకాస్త వంచింది. ఆగి చూసింది. పదిహేనోది దాని వెనకది. దాన్ని తీసేసింది.

"ఈ రెండూ ఎందుకు?"

తోటమాలి ఆ రెండు చోట్లూ మళ్ళీ చూసింది. "తెలీదన్నా."

మెట్ల దగ్గర మాట్లాడుకున్న తరవాత అన్నా అని పిలవడం అదే మొదటిసారి. అతను ఆ మాట విననట్టే ఉండిపోయాడు, వింటే చెదిరిపోతుందేమోనని.

"ఆలోచిస్తే తెలుస్తుందేమో. నీడ వల్లా? వెనక గోడ వల్లా?"

"కాదు." తల ఊపింది. "కనుక్కుందామంటే కనుక్కోవచ్చేమో. కనుక్కోను. ఆ రెండూ నాకొదిలెయ్."

అతను కాగితం వైపు చూశాడు. పదమూడు వరసలు నిండాయి. వదిలేసి ఊరుకోవచ్చు, అసలు జరపనట్టే. అడిగేవాళ్ళు లేరు. లేదా తనకి తోచిన కారణమేదో కల్పించి రాసెయ్యొచ్చు. నీడ అనో, గోడ అనో. ఒకప్పుడైతే అదే చేసి ఉండేవాడు.

పద్నాలుగు, పదిహేను అంకెలు వేశాడు. వాటి పక్కన మెల్లగా, వంకరగా రాశాడు: 'జరిపింది. కారణం తెలియదు.'

తోటమాలి మెడ వంచి చదివింది. పదహారో చెట్టు మీద చెయ్యి వేసింది.